శంషాబాద్ నుంచి డాలస్‌కు ఏ దారిన వెళ్లాలి?

డాలస్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఏడాదికి ఒకసారైనా వినబడే మాట ఒకటుంది: "అమ్మావాళ్లకి టికెట్ తియ్యాలి, ఏ రూట్ అయితే బాగుంటుంది?" కూతురి పురిటికి తల్లి రావాలన్నా, మనవరాలి అన్నప్రాసనకు తాతయ్య రావాలన్నా, మనమే సంక్రాంతికి ఊరెళ్లాలన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే. నేను డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌కు వచ్చి పన్నెండేళ్లయింది. ఇన్నేళ్లలో దోహా, దుబాయ్, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్, ఢిల్లీ, ఈ అయిదు దారుల్లోనూ తిరిగాను. తెనాలి నుంచి అమ్మానాన్నలను నాలుగుసార్లు రప్పించాను. మొదటి రెండుసార్లూ టికెట్ సైట్లో మొత్తం గంటలు, రేటు, ఈ రెండే చూసి కొన్నాను. రెండుసార్లూ అమ్మ ఇబ్బంది పడింది. అప్పటినుంచి నేను టికెట్ చూసే పద్ధతే మారిపోయింది. ఇప్పుడు ఎవరు అడిగినా, దూరం సంగతి వదిలేసి ప్రయాణం ఎక్కడ తెగుతోందో చూడమంటున్నాను. ఎందుకో చెబుతాను.

గ్లోబు మీద దారం

మా అబ్బాయి స్కూలు పని కోసం కొన్న గ్లోబు ఒకటి ఇంట్లో ఉంది. ఒకరోజు వాడూ నేనూ కుట్టుదారం తీసుకుని, ఒక కొస హైదరాబాద్ మీద, రెండో కొస డాలస్ మీద పెట్టి బిగించి లాగాం. దారం అరేబియా సముద్రం వైపు పోలేదు, అట్లాంటిక్ వైపూ పోలేదు. తిన్నగా ఉత్తరానికి లేచి, మధ్య ఆసియా, రష్యా దాటి, ఆర్కిటిక్ సముద్రం మీద ఉత్తర ధ్రువానికి కాస్త పక్కగా పోయి, కెనడాలోకి దిగి డాలస్ చేరింది. వాడు నమ్మలేక దారం తీసి మళ్లీ మళ్లీ పెట్టి చూశాడు. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డాలస్ 97 డిగ్రీల పడమర రేఖాంశం మీద ఉంది. రెండూ కలిపితే 175. అంటే గ్లోబుకు దాదాపు ఎదురెదురు వైపులన్నమాట. అలాంటి రెండు ఊళ్లకు దగ్గరి దారి ధ్రువం పక్కనుంచే ఉంటుంది.

ఆ దారం పొడవు నిజంలో సుమారు 14,400 కిలోమీటర్లు, మైళ్లలో 8,960 దాకా వస్తుంది. విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుందనుకుంటే పదహారు గంటల ప్రయాణం. అంత దూరం ఆగకుండా ఎగిరే విమానాలు లేకపోలేదు. సింగపూర్ నుంచి న్యూయార్క్ వెళ్లే విమానం 15,300 కిలోమీటర్లు ఒకే బిగిన ఎగురుతుంది. మన శంషాబాద్ నుంచి కూడా 2021 జనవరిలో ఎయిర్ ఇండియా షికాగోకు నాన్‌స్టాప్ మొదలుపెట్టింది. 13,000 కిలోమీటర్ల పైచిలుకు దూరం. కానీ అది ఎంతోకాలం నిలవలేదు. అదే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు కెప్టెన్ జోయా అగర్వాల్ బృందం, పైలట్లందరూ ఆడవాళ్లే, ఉత్తర ధ్రువం మీదుగా విమానం నడిపి తీసుకొచ్చారు. ఆ వార్త చదివిన రోజు హైదరాబాద్ నుంచి డాలస్‌కు కూడా ఇలాంటిది వస్తే ఎంత బాగుండు అనుకున్నాను. ఇంకా రాలేదు. ఎక్కడో ఒకచోట దిగి ఇంకో విమానం ఎక్కాల్సిందే.

ఎక్కడ దిగితే ఎంత దూరం పెరుగుతుందో చూద్దాం. దోహా మీదుగా అయితే హైదరాబాద్ నుంచి అక్కడికి 2,900, అక్కడినుంచి డాలస్‌కు 12,750, మొత్తం 15,650 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా 2,550, ఆపైన 12,900, మొత్తం 15,450. లండన్ మీదుగా 7,750, 7,630, మొత్తం 15,380. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 7,120, 8,260, మొత్తం కూడా 15,380 దగ్గరే. ఇవన్నీ గ్లోబు మీద దారం లెక్కలు. గాలిని బట్టి, ఏ దేశం మీదుగా పోనిస్తారన్నదాన్ని బట్టి విమానం నడిచే దారి రోజుకోలా కాస్త పెరుగుతుంది.

ఈ నాలుగింటిలో అన్నిటికన్నా పొడవైనదానికీ పొట్టిదానికీ తేడా 300 కిలోమీటర్ల లోపే. తెనాలి నుంచి శంషాబాద్‌కు కారులో వచ్చే దూరమే అటూఇటుగా అంత ఉంటుంది. విమానానికి అది ఇరవై నిమిషాల పని. కాబట్టి "ఈ దారి దగ్గర, ఆ దారి చుట్టు" అన్న మాటకు ఇక్కడ అర్థం లేదు. తేడా అంతా ప్రయాణం రెండు ముక్కలయ్యే చోటే ఉంది. గల్ఫ్ దారిలో ఒకటి చిన్న ముక్క, ఒకటి చాలా పెద్ద ముక్క. యూరప్ దారిలో రెండూ సమానం.

టికెట్ మీద గంటలు ఎలా లెక్కపెట్టాలి

టికెట్ మీద ఉండే టైములన్నీ ఆయా ఊళ్ల టైములు. ఇది తెలియక చాలామంది కంగారుపడతారు. మా నాన్న మొదటిసారి టికెట్ చూసి ఫోన్ చేశారు: "ఏరా, తెల్లారుజామున నాలుగింటికి ఎక్కి అదే రోజు సాయంత్రం నాలుగింటికి దిగుతామని ఉంది. పన్నెండు గంటల్లో అమెరికా వచ్చేస్తామా?"

లెక్క ఇలా వేసుకోండి. డాలస్ టైము హైదరాబాద్‌కన్నా వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా పదిన్నర. మిగతా రోజుల్లో పదకొండున్నర. వేసవిలో హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4:00కు బయల్దేరి, నాలుగున్నర గంటలు ఎగిరి, దోహాలో అక్కడి టైము ఉదయం 6:00కు దిగారనుకోండి. రెండు గంటలు ఆగి 8:00కు ఎక్కితే, పదహారుంపావు గంటల తర్వాత డాలస్‌లో సాయంత్రం 4:15. గడియారం మీద పన్నెండుంపావు గంటలే కనబడతాయి. దానికి పదిన్నర కలిపితే 22 గంటల 45 నిమిషాలు. అదీ అసలు ప్రయాణం.

లండన్ మీదుగా ఇదే లెక్క వేస్తే, పదింపావు గంటలు ఒకసారి, పదింపావు గంటలు ఇంకోసారి, మధ్యలో రెండున్నర గంటలు ఆగితే 23 గంటలు. చూశారుగా, పావుగంట తేడా. టికెట్ సైట్లో "తక్కువ సమయం" అని ముందు చూపించేవి నిజానికి మధ్యలో ఆగే టైము తగ్గించి చూపించేవే. అక్కడే అమ్మావాళ్లు ఇబ్బంది పడేది.

తిరుగు ప్రయాణం ఎప్పుడూ తక్కువ. దోహాకు వెళ్లేప్పుడు పద్నాలుగున్నర గంటలే పడుతుంది. పది కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు వేగంగా వీచే గాలులు ఉంటాయి. వాటినే జెట్ స్ట్రీమ్ అంటారు. ఇండియా వైపు వచ్చేప్పుడు అవి వెనకనుంచి తోస్తాయి, అమెరికా వైపు పోయేప్పుడు ఎదురు తగులుతాయి. అందుకే అమ్మావాళ్లు వచ్చేప్పుడు ఒక దారి, వెళ్లేప్పుడు ఇంకో దారి పెట్టినా తప్పులేదు. వెళ్లేప్పుడు తేదీ విషయంలో మాత్రం జాగ్రత్త. డాలస్‌లో సోమవారం సాయంత్రం ఎక్కితే శంషాబాద్‌లో దిగేది బుధవారం తెల్లవారుజామున. టికెట్ మీద +2 అని చిన్నగా ఉంటుంది. దాన్ని గమనించక మంగళవారం రాత్రికి బదులు సోమవారం రాత్రి కారు మాట్లాడుకుని ఎయిర్‌పోర్టుకు వెళ్లిన చుట్టాలు మా ఇంట్లోనే ఉన్నారు.

ఇంటి నుంచి ఇంటికి లెక్క కూడా వేసుకోవాలి. తెనాలి నుంచి శంషాబాద్‌కు కారులో అయిదారు గంటలు. విమానానికి మూడు, నాలుగు గంటల ముందు చేరాలి. డాలస్‌లో దిగాక ఇమిగ్రేషన్, పెట్టెలు, కస్టమ్స్ కలిపి గంట నుంచి రెండు గంటలు. ఇర్వింగ్ అయితే ఎయిర్‌పోర్టు పక్కనే, ఫ్రిస్కో అయితే ఇంకో అరగంట, ముప్పావుగంట. మొత్తం కలిపితే ఏ దారిలో అయినా ముప్పై నాలుగైదు గంటలు. పెద్దవాళ్లయితే ముందురోజే హైదరాబాద్ చేరి, బంధువుల ఇంట్లో అయినా సరే ఒక పూట నిద్రపోయి బయల్దేరడం చాలా మేలు. మా అమ్మ మొదటిసారి తెనాలి నుంచి తిన్నగా వచ్చి విమానం ఎక్కేసరికే సగం అలసిపోయింది.

దోహా, దుబాయ్: చిన్న ముక్క, పెద్ద ముక్క

మన వాళ్లలో ఎక్కువమంది వచ్చేది గల్ఫ్ దారిలోనే. దోహా నుంచి ఖతార్ ఎయిర్‌వేస్, దుబాయ్ నుంచి ఎమిరేట్స్ తిన్నగా డాలస్‌కు వస్తాయి. మధ్యలో దిగేది ఒక్కసారే. అదీ అమెరికా బయట. దీని విలువ పెద్దవాళ్లు ఒంటరిగా వచ్చేప్పుడు తెలుస్తుంది. శంషాబాద్‌లో ఇచ్చిన పెట్టెలు డాలస్‌లోనే కనబడతాయి. ఇమిగ్రేషన్‌లో మాట్లాడేది డాలస్‌లో ఒక్కచోటే, అది అయ్యాక తలుపు అవతల మనం ఉంటాం. ఇంకో మంచి సంగతి, ఈ విమానాల్లో తోటి ప్రయాణికులు సగం మంది తెలుగువాళ్లే అనిపిస్తుంది. మా అమ్మకు ఇంగ్లీషు రాదు. ఒకసారి పక్క సీట్లో భీమవరం ఆవిడ దొరికింది, ఆవిడా కూతురి పురిటికే వస్తోంది. దిగేసరికి ఇద్దరూ ఫోన్ నంబర్లు రాసుకుని, ఒకళ్ల ఊరి చేపల పులుసు ఇంకొకళ్లకు చెప్పుకుని వచ్చారు. ఇమిగ్రేషన్ లైన్లో కూడా ఆవిడే అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడింది.

కష్టం ఏమిటంటే ఆ పదహారు గంటలు. ఉదయం దోహాలో ఎక్కితే డాలస్‌లో దిగేదాకా బయట పగలే. కిటికీలు మూసి లైట్లు ఆర్పి పడుకోమంటారు గానీ, ఇంటి దగ్గర తొమ్మిదింటికి నిద్రపోయే మనిషికి ఆ నిద్ర పట్టదు. మొదటిసారి మా అమ్మకు మధ్య సీటు వచ్చింది. అటూ ఇటూ ఉన్నవాళ్లను లేపడం మొహమాటమై, నీళ్లు తాగితే బాత్రూమ్‌కు లేవాల్సి వస్తుందని నీళ్లు కూడా తాగలేదు. డాలస్‌లో వీల్‌చెయిర్ మీద బయటికొచ్చినప్పుడు చూస్తే పాదాలు చెప్పులో పట్టడం లేదు. చెప్పుల పట్టీ పాదం మీద ఎర్రగా గాటు పడింది. రెండు రోజులు కాళ్ల కింద దిండ్లు పెట్టుకుని పడుకుంది.

ఆ తప్పు సీటు ముందుగా తీసుకోని నాది. కొంచెం డబ్బు ఎక్కువైనా నడవ పక్క సీటు ముందే బుక్ చెయ్యండి. బోయింగ్ 777 అయితే ఎకానమీలో మూడు, నాలుగు, మూడు చొప్పున సీట్లుంటాయి. భార్యాభర్తలిద్దరైతే మధ్య నాలుగు సీట్ల వరసలో ఒక చివర రెండు తీసుకుంటే బయటికి రావడం తేలిక. ఎయిర్‌బస్ ఏ350, బోయింగ్ 787 లాంటి కొత్త విమానాల్లో లోపలి గాలి పాతవాటిలో ఉన్నంత పొడిగా ఉండదు, చెవులు దిబ్బళ్లు పడటం కూడా కాస్త తక్కువ. టికెట్ వివరాల్లో విమానం పేరు ఉంటుంది. రేటు దాదాపు సమానమైతే నేను అది చూసి ఎంచుకుంటాను.

మధ్యలో ఎంతసేపు ఆగాలి? నా మటుకు పెద్దవాళ్లకు మూడు గంటలు. గంటన్నర లోపు కనెక్షన్ ఉన్న టికెట్ ఎంత చవకైనా తీయకండి. మొదటి ప్రయాణంలోనే గల్ఫ్‌లో ఒకచోట గంటా ఇరవై నిమిషాల కనెక్షన్ పెట్టాను. మొదటి విమానం నలభై నిమిషాలు ఆలస్యం. మోకాళ్ల నొప్పితో అమ్మ, చేతిలో రెండు బ్యాగులతో నాన్న, గేటు దాకా పరుగు. తలుపులు మూసే లోపు అందుకున్నారు గానీ, ఆ కంగారుకు అమ్మ బీపీ మాత్ర వేసుకోవడం కూడా మరిచిపోయింది.

దోహా ఎయిర్‌పోర్టు మధ్యలో ఏడు మీటర్ల ఎత్తున్న పసుపు రంగు బొమ్మ ఎలుగుబంటి, తలలో దీపంతో కూర్చుని ఉంటుంది. ఏ గేటు నుంచి వచ్చినా ఎవరిని అడిగినా చూపిస్తారు. మేము ఇంట్లో "తప్పిపోతే ఎలుగుబంటి దగ్గర ఉండండి" అని చెప్పి పంపిస్తాం. దుబాయ్‌లో ఎమిరేట్స్ విమానాలన్నీ మూడో టెర్మినల్లోనే ఉంటాయి, అయినా ఒక గేట్ల వరస నుంచి ఇంకోదానికి రైలు ఎక్కాల్సి రావచ్చు. రెండుచోట్లా వీల్‌చెయిర్ ముందే చెప్పి పెట్టుకుంటే మనిషి వచ్చి విమానం దగ్గర్నుంచి విమానం దాకా తీసుకెళ్తాడు. దీనికి డబ్బు కట్టక్కర్లేదు. టికెట్ తీసేప్పుడే అడగాలి. "నాకేం నడవలేనా" అని నాన్నలు ఒప్పుకోరు. అమ్మ కోసం అని చెప్పి ఇద్దరికీ పెట్టేయండి.

ఈ దారికి ఉన్న ఇంకో సమస్య గగనతలం. 2025 జూన్ 23న ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలపాటు మూసేసింది. దారిలో ఉన్న విమానాలు వేరే ఊళ్లకు మళ్లాయి, ఆ తర్వాత రోజు కూడా సర్వీసులు కుదుటపడలేదు. గల్ఫ్ పరిస్థితి బాగోలేదని వార్తల్లో వస్తుంటే, పెద్దవాళ్ల ప్రయాణం ఉన్నవాళ్లు యూరప్ దారి చూసుకోవడం మంచిది, లేదా ఒక వారం ఆగడం మంచిది.

లండన్, ఫ్రాంక్‌ఫర్ట్: రెండు సమానమైన ముక్కలు

హైదరాబాద్ నుంచి లండన్‌కు బ్రిటిష్ ఎయిర్‌వేస్ చాలాకాలంగా ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్‌కు లుఫ్తాన్సా 2024 జనవరిలో మొదలుపెట్టింది. రెండు ఊళ్ల నుంచీ డాలస్‌కు తిన్నగా విమానాలున్నాయి. పదేసి గంటల చొప్పున రెండు ప్రయాణాలు, మధ్యలో కాళ్లు చాపుకుని నడిచే రెండు, మూడు గంటలు. మూడోసారి అమ్మను లండన్ మీదుగా రప్పించాను. పాదాల వాపు చాలా తక్కువ. సగం దూరం వచ్చేశామన్న ధైర్యం కూడా మనసుకు ఉంటుందని అమ్మే చెప్పింది.

మరి అందరూ ఈ దారినే ఎందుకు రారంటే కారణాలున్నాయి. తెలుగు వినబడేది లండన్ దాకానే. డాలస్ విమానంలో మనవాళ్లు నలుగురు ఉంటే ఉంటారు, లేకపోతే లేదు. లండన్‌లో రెండో విమానం వేరే టెర్మినల్ నుంచి అయితే బస్సెక్కి పోవాలి, మళ్లీ సెక్యూరిటీ చెకింగ్. చేతి బ్యాగులోని పెరుగన్నం డబ్బా, పచ్చడి సీసా 2026 జనవరి దాకా అక్కడ తీసి పారేసేవాళ్లు, ఎందుకంటే వంద మిల్లీలీటర్లు దాటిన ద్రవాలు, ముద్దగా ఉండేవి చేతి బ్యాగులో పోనిచ్చేవాళ్లు కాదు. ఆవకాయ ఏ దారిలో అయినా పెద్ద పెట్టెలోనే పెట్టండి, మూత చుట్టూ టేపు వేసి రెండు కవర్లలో. పచ్చి కరివేపాకు, మాంసం పచ్చళ్లు అమెరికాలోకి రానివ్వరు, పెట్టొద్దు. పెట్టెల బరువు కూడా చూసుకోండి. మామూలుగా అమెరికా టికెట్‌కు 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు ఇస్తారు గానీ, చవక టికెట్లలో కొన్నింటికి ఒకటే ఉంటుంది. రేటు పోల్చేప్పుడు ఆ రెండో పెట్టె డబ్బు కలిపి చూడాలి.

వీసా సంగతి ఇక్కడ ముఖ్యం. చెల్లుబాటయ్యే అమెరికా వీసా పాస్‌పోర్టులో ఉండి, ఎయిర్‌పోర్టు బయటికి వెళ్లకుండా విమానం మారేవాళ్లకు ఇబ్బంది లేదు. కానీ ఇక్కడ ఉద్యోగం చేస్తూ స్టాంపింగ్ కోసం, అంటే పాస్‌పోర్టులో కొత్త వీసా వేయించుకోవడానికి, ఇండియా వెళ్లే పిల్లలకు పాస్‌పోర్టులోని వీసా గడువు తీరిపోయి ఉంటుంది. వాళ్లకు యూరప్‌లో ఒక్కో దేశం నిబంధన ఒక్కోలా ఉంటుంది, తరచూ మారుతుంది కూడా. టికెట్ కొనే ముందు ఆ దేశం ప్రభుత్వ సైట్లో చూసుకోవాలి. చెకిన్ కౌంటర్ దగ్గర ఆపేస్తే చేసేదేం ఉండదు. గడువు తీరిన స్టాంపుతో వెళ్లేవాళ్లకు నేను గల్ఫ్ దారే చెబుతాను, విమానం మారడానికి అక్కడ ఈ తలనొప్పి లేదు.

ఢిల్లీ మీదుగా, న్యూయార్క్ మీదుగా

ఇది రెండుసార్లు దిగే దారి. హైదరాబాద్ నుంచి ఢిల్లీ, అక్కడినుంచి న్యూయార్క్ లేదా షికాగో, అక్కడినుంచి డాలస్. మొత్తం 28 నుంచి 32 గంటలు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలంలోకి మన విమానాలను రానివ్వడం ఆపేశాక, ఢిల్లీ నుంచి పడమర వెళ్లే భారతీయ విమానాలు చుట్టు తిరగాల్సి వచ్చింది. సమయం ఇంకా పెరిగింది.

గంటలకన్నా పెద్ద కష్టం ఇంకోటి ఉంది. అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్. అక్కడే పెట్టెలన్నీ బెల్టు మీదనుంచి దించుకుని, కస్టమ్స్ దాటి, బయట ఇంకో బెల్టు మీద మళ్లీ వెయ్యాలి. టెర్మినల్ మారాలి, సెక్యూరిటీ మళ్లీ. ఇరవై గంటల ప్రయాణం తర్వాత అరవై అయిదేళ్ల మనుషులు నాలుగు 23 కిలోల పెట్టెలు దించి ఎత్తడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. చదువుకోవడానికి వచ్చే కుర్రాళ్లకు ఇది పెద్ద లెక్క కాదు. రేటు బాగా తక్కువైతే రావచ్చు. అమ్మానాన్నలకు మాత్రం వద్దే వద్దు. అబుదాబిలో మాత్రం అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే పూర్తిచేసి విమానం ఎక్కిస్తారు. కాబట్టి అమెరికాలో దిగాక దేశంలోపలి ప్రయాణం లాగే ఉంటుంది. రెండుసార్లు దిగక తప్పని పరిస్థితి వస్తే నేను చూసేది అదొక్కటే.

నా రెండో తప్పు ఈ దారిలోనే. డబ్బు కలిసొస్తుందని హైదరాబాద్ నుంచి ఇంకో పెద్ద ఊరికి ఒక టికెట్, అక్కడినుంచి అమెరికాకు ఇంకో టికెట్, విడివిడిగా కొన్నాను. ఆ రోజు పొగమంచు. దేశంలోపలి విమానం నాలుగు గంటలు ఆలస్యమైంది. రెండు టికెట్లకూ సంబంధం లేదు కాబట్టి అమెరికా విమానం వాళ్లు "మీరు రాలేదు" అని రాసేసుకున్నారు. అమ్మానాన్న రాత్రంతా ఎయిర్‌పోర్టు కుర్చీల్లో కూర్చున్నారు, నేను ఇక్కడ ఫోన్ పట్టుకుని. పొద్దున కొత్త టికెట్ కొంటే మొదటి రెండు టికెట్లలో మిగిలిందనుకున్నదానికి మూడింతలు పోయింది. అన్ని విమానాలూ ఒకే టికెట్, ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే మొదటిది ఆలస్యమైనా తర్వాతి విమానంలో పంపే బాధ్యత వాళ్లదే. ఇది ఏ దారికైనా వర్తిస్తుంది.

మీ ఇంట్లోవాళ్లకు ఏది

మొదటిసారి వచ్చే అమ్మానాన్నలు, ఇంగ్లీషు రాదు, ఆరోగ్యం ఫర్వాలేదు అంటే దోహా గానీ దుబాయ్ గానీ. మూడు గంటల కనెక్షన్, నడవ పక్క సీటు, ఇద్దరికీ వీల్‌చెయిర్. రెండింటిలో ఏది అంటే రేటు, టైము చూసుకోండి, పెద్ద తేడా లేదు. నాలుగోసారి మావాళ్లు ఇలాగే వచ్చారు. దిగగానే అమ్మ అడిగిన మొదటి మాట "కాఫీ ఉందా నాన్నా" అని. దాన్నిబట్టే నాకు అర్థమైంది ప్రయాణం బాగా జరిగిందని.

కాళ్ల వాపు, వెరికోస్ నరాలు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఎక్కువసేపు కూర్చోవద్దని డాక్టర్ చెప్పినవాళ్లు లండన్ లేదా ఫ్రాంక్‌ఫర్ట్ దారి చూడాలి. భాష ఇబ్బంది అనుకుంటే అదే రోజు వచ్చే తెలిసినవాళ్లెవరైనా ఉన్నారేమో కనుక్కోండి. డాలస్‌లో ఇంతమంది తెలుగువాళ్లున్నారు, నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో అడిగితే ఎవరో ఒకరు దొరుకుతారు. షుగర్ ఉన్నవాళ్లు ఇన్సులిన్ వేళల గురించి డాక్టర్‌ను ముందే అడగాలి, గడియారం పదిన్నర గంటలు వెనక్కి పోయినప్పుడు ఎప్పుడు వేసుకోవాలన్నది ఊహించి చేసే పని కాదు. మందులన్నీ చీటీతో సహా చేతి బ్యాగులోనే ఉండాలి.

చంటిపిల్లలతో వెళ్లే తల్లిదండ్రులకు నేను గల్ఫ్ దారినే చెబుతాను. చిన్న ముక్కలో పిల్ల మెలకువగా ఉన్నా ఫర్వాలేదు, పెద్ద ముక్కలో ఒకసారి నిద్రపోతే ఎనిమిది గంటలు కదపనక్కర్లేదు. సమానమైన ముక్కల్లో గాఢనిద్రలో ఉండగా లేపి దించాల్సి వస్తుంది. గోడకు తగిలించే ఊయల కోసం ముందు వరస సీటు టికెట్ తీసిన రోజే ఫోన్ చేసి అడగాలి, అవి విమానానికి కొన్నే ఉంటాయి.

టికెట్ అయిపోయాక ఇంకో పని ఉంది. ఒక తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో, ఎడమవైపు తెలుగులో, కుడివైపు ఇంగ్లీషులో రాయండి. రెండు విమానాల నంబర్లు, మధ్యలో దిగే ఊరు, అక్కడ ఎంతసేపు ఉండాలో, డాలస్‌లో మీ అడ్రస్, మీ ఫోన్ నంబరు, ఎన్నాళ్లు ఉంటారో, తిరుగు ప్రయాణం తేదీ, వేసుకునే మందుల పేర్లు, శాకాహారమా కాదా. ఇమిగ్రేషన్ ఆఫీసర్ అడిగేవి దాదాపు ఇవే. మాట రాకపోతే కాగితం చూపించమని చెప్పండి. ఒకటి అమ్మ పాస్‌పోర్టు కవరులో పెట్టాలి, ఇంకోటి నాన్న చొక్కా జేబులో. ఫోన్ చార్జింగ్ అయిపోయినా ఆ రెండు కాగితాలూ పనిచేస్తాయి. మీరు డాలస్ ఎయిర్‌పోర్టులో డి టెర్మినల్ తలుపు దగ్గర, విమానం దిగిన గంట తర్వాత నుంచి నిలబడి ఉండండి. అంతకుముందు ఎవరూ బయటికి రారు.